నడుముకి ఎక్సెల్, నంబరు నిల్

మా బాబాయికి నడుం పట్టేసింది. డాక్టరు చీటీ మీద 'బెల్టు' అని ఒక్క ముక్క రాసిచ్చాడు. సందు చివరి మందుల షాపు కుర్రాడు బాబాయిని ఎగాదిగా చూసి, "అంకుల్, మీకు ఎక్సెల్ పడుద్ది" అన్నాడు. టేపు లేదు, కొలత లేదు. అదే చూపుతో ఒకావిడ మడమకు సిలికాన్ ముక్క, ఒక తాతగారి మోకాలికి క్యాపు తేల్చేశాడు. గోడమీద ఫ్రేము కట్టిన లైసెన్సు ఉంది గానీ, అది మాత్రలకు. అయినా కుర్రాడు గడుసువాడు. పెట్టె చేతికిస్తే సరుకు, ఒంటికి తొడిగితే వైద్యం అని వాడికి తెలుసు. అందుకని బాబాయే తొడుక్కున్నాడు, తలకిందులుగా.

ఇలాంటివి అమర్చడానికి ఒక చదువుంది. నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన ఆరునెలల ఇంటర్న్‌షిప్. పేరు బ్యాచిలర్ ఇన్ ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్, ముద్దుగా బీపీఓ. ఆ ముద్దుపేరే చదివినవాళ్ల కొంప ముంచింది. మాకు తెలిసిన పిల్ల ఒకతె అది చదివితే, పెళ్లిచూపుల్లో "నైట్ షిఫ్టులుంటాయా తల్లీ?" అని అడిగారు. పోయిన అవయవానికి బదులు పెట్టేది ప్రోస్థెటిక్స్, ఉన్నదానికి ఊతమిచ్చేది ఆర్థోటిక్స్ అని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. "ఫిజియోథెరపీయేగా!" అని తీర్మానించేశారు అత్తగారు.

చట్టం లేదా అంటే, ఉంది. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరులో పేరున్నవాళ్లే ఈ వృత్తి చెయ్యాలి. మీరితే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 'వరకు' అన్నారు, గమనించండి. జడ్జిగారు దయతలిస్తే ఐదొందలకే బేరం తెగొచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేకపోయినా వెయ్యే. మన నెత్తిన ఏదీ పెట్టుకోకపోయినా వెయ్యి, ఎదుటివాడి కాలికి ఏదో ఒకటి తగిలించినా వెయ్యి. జైలు మాట అటుంచితే తేడా అల్లా, బండివాడికి మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. రెండోవాడికి పోవడానికి అదీ లేదు. అమెరికా సంగతి ఇంకా విడ్డూరం. అక్కడ చాలా రాష్ట్రాల్లో జుట్టు కత్తిరించడానికి లైసెన్సు కావాలి, కృత్రిమ కాలు అమర్చడానికి అక్కర్లేదు.

కాలు పెట్టడమంటే చెప్పు తొడగడం కాదు. మొండికి అచ్చు తీసి సాకెట్ చెయ్యాలి. మొదటి నెలల్లో వాపు తీసి మొండి సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది, మళ్లీ సరిచెయ్యాలి. షుగరు వల్ల కాలు పోయినవాడికి ఒరుపు తెలియదు, పుండు తెలియదు. తెలిసేసరికి మోకాలి కింద పోయిన కాలు మోకాలి పైదాకా పోతుంది. మన ఉచిత శిబిరాల్లో కొన్ని చూడండి: పొద్దున కొలత, సాయంత్రం ఫొటో, ఆపైన ఎవరి నడక వాళ్లది. ఫ్లెక్సీ మీద నాయకుడి బొమ్మను మాత్రం ఎక్కడా ఒరుసుకోకుండా కొలిచి వేస్తారు.

ఇదంతా వినిపిస్తే షాపు కుర్రాడు తక్కువ తిన్నాడా? "జైపూర్ కాలు చేసిన రామచంద్ర శర్మగారికి ఏ డిగ్రీ ఉంది సార్?" అన్నాడు. నా నోరు మూతపడింది. శర్మగారు చేతిపనివారు, బడి చదువు అంతంతమాత్రం. 'మయూరి' సినిమాలో సుధాచంద్రన్ ఆడింది ఆ జైపూర్ కాలితోనే. ఆయనే గనక ఇవాళ రిజిస్టరు గుమాస్తా ముందు నిలబడితే, "కాలు సంగతి తరవాత, మార్కుల జాబితా ఏదీ?" అనేవాడు. కాకపోతే శర్మగారి పక్కన 1981లో మెగసెసే అవార్డు అందుకున్న డాక్టర్ పి.కె. సేథి ఉన్నారు, పెట్టిన కాలు కరిస్తే ఎదురుగానే మూలిగే రోగులున్నారు. మనవాడి పక్కన బార్‌కోడ్ మిషను ఉంది.

మొన్న వెళ్లినప్పుడు బాబాయి నడుముకి బెల్టు లేదు. స్కూటరు వెనక సీటు మీద గ్యాసుబండకి బిగించి ఉంది. చక్కగా అతికినట్టుంది.

"ఎక్సెల్!" అన్నాడు బాబాయి, బండను తడుతూ.