అల్లుడూ, సీనియారిటీ సంగతి నాకొదిలెయ్

నీకు పైలట్ ఉద్యోగం వచ్చిందని మన తోంగ్‌పాల్‌లో కనిపించిన వాళ్లందరికీ చెప్పేశాను, అల్లుడూ. ఇక నా సలహాలు విను. నేను విమానం నడపలేదు, నిజమే. కానీ హైవే పక్కన టైర్ల కొట్టు పెట్టుకుని, జగదల్‌పూర్ నుంచి కోంటా, భద్రాచలం వైపు వెళ్లే డ్రైవర్ల కష్టసుఖాలన్నీ విన్నవాణ్ణి. ఎంత ఎత్తులో నడిపినా డ్రైవరు డ్రైవరే.

ముందు చేరే తేదీ. కంపెనీ వాళ్లు రమ్మన్న రోజు మూఢంలో పడింది. వెళ్లకు. శ్రావణం రానీ, మంచి రోజు చూసి చేరుదువుగాని. ఈలోపు నలభైమంది చేరిపోతారనీ, ఆ నలభైమందీ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సీనియారిటీ లిస్టులో నీకంటే పైనే ఉంటారనీ నీ స్నేహితుడెవరో బెదిరించాడట. ఉండనీ. ఎంత పైనున్నా అరవై ఐదు నిండితే దిగిపోవాల్సిందేగా? అమెరికాలో కొన్ని కంపెనీలు ఒకే రోజు చేరినవాళ్లలో వయసులో పెద్దవాణ్ణి లిస్టులో పైన వేస్తాయి. అలాంటి పద్ధతి నీ కంపెనీలోనూ ఉందేమో కనుక్కో. ఉంటే, బళ్లో వేసేటప్పుడు మీ నాన్న తగ్గించి రాయించిన రెండేళ్లూ మళ్లీ ఎక్కించేద్దాం. రిటైర్మెంటు రెండేళ్లు ముందుకొస్తుందనుకో, దాని సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

బేస్ దగ్గర మొహమాటపడకు. జగదల్‌పూర్ ఇమ్మను. అలయన్స్ ఎయిర్ వాళ్లు 2020 సెప్టెంబరు 21న రాయ్‌పూర్, జగదల్‌పూర్, హైదరాబాద్ కలుపుతూ ఏటీఆర్ అనే చిన్న విమానం మొదలుపెట్టినప్పుడే అనుకున్నాను, మనవాడొకడు ఇక్కడే ఉండి నడపాలని. బేస్ అంటే పైలట్ డ్యూటీ మొదలై ముగిసే ఊరు, జగదల్‌పూర్‌లో విమానం జనాన్ని దించి, ఎక్కించుకుని పోతుందంతే, అంటారు. అననీ. శంషాబాద్ ఖాళీ లేదు, కోల్‌కతా వెళ్లమంటే సరేనని తలూపి, కాపురం మాత్రం తోంగ్‌పాల్‌లో పెట్టు. కొత్తలో నీకు స్టాండ్‌బైలే ఎక్కువ పడతాయి. అంటే ఎవరికో జ్వరమొస్తే నీకు ఫోనొస్తుంది, కాసేపట్లో యూనిఫాం వేసుకుని కోల్‌కతా ఎయిర్‌పోర్టులో ఉండాలి. దానికేం, దర్భా ఘాట్ మలుపులు దాటుతూ ‘వచ్చేస్తున్నా సార్’ అని చెప్పు. మధ్యలో సిగ్నల్ పోతే అది ఫోన్ కంపెనీ తప్పు, నీది కాదు.

విమానం విషయంలో ఒకటే సూత్రం: ఎంత పెద్దదైతే అంత పరువు. ఏటీఆర్‌లో పైకొచ్చినవాడికి నచ్చిన రోజులు, సాయంత్రానికి ఇంటి భోజనం దొరుకుతాయట. పెద్ద విమానం లిస్టులో అడుగున చేరినవాడికి అర్ధరాత్రి డ్యూటీలు, స్టాండ్‌బైలు మిగులుతాయట. అయినా సరే, ముందు ఆరు రెక్కల ఫ్యాను తిరిగే బండి నడిపేవాడికి పిల్లనెవరిస్తారు? సీటు సంగతీ అంతే, కో-పైలట్లలో మొదటివాడిగా ఉండటం కన్నా కెప్టెన్లలో ఆఖరివాడిగా ఉండటమే మేలు. ఫొటోలో కెప్టెన్ భుజం మీది నాలుగు గీతలే కనిపిస్తాయి గాని రోస్టర్ కనిపించదు.

ఈ పెద్ద విమానాల మీద ఎంత గొడవైందో తెలుసా? 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసిపోయాయి గాని పైలట్లు కలవలేదు. ఎవరి లిస్టు వాళ్లది, ఎవరి యూనియన్ వాళ్లది. బోయింగ్ 787 మీద శిక్షణ పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లకీ ఇస్తామనేసరికి, మా ప్రమోషన్లు వెనక్కి పోతాయని ఎయిర్ ఇండియా వైపు ఇండియన్ పైలట్స్ గిల్డ్ వాళ్లు 2012 మే నెలలో విమానాలు ఆపేశారు. 58 రోజులు! జులైలో సమ్మె ముగిసింది. మొదటి 787 డ్రీమ్‌లైనర్ ఢిల్లీలో దిగిందేమో సెప్టెంబరులో. బస్సు స్టాండులోకి రాకముందే కిటికీలోంచి తువ్వాలు ఎవరు ముందు వేశారని కొట్టుకున్నట్టే గదా! అందుకని నువ్వు తువ్వాలు వెయ్యకు. ‘మీరు కూర్చోండన్నా’ అంటూ వెనక నిలబడు. పెద్దమనసు చూసి వాళ్లే సీటిస్తారు.

జీతం పదివేలు ఎక్కువిస్తే కంపెనీ మారిపో. మన దేశంలో కెప్టెన్‌ని కెప్టెన్‌గానే తీసుకునేవాళ్లు దొరుకుతారు. ఆ ధైర్యంతోనే రేపు అమెరికా కూడా వెళ్లిపో. అక్కడ పెద్ద కంపెనీల్లో ముప్పై ఏళ్ల కెప్టెనైనా కొత్తగా చేరితే లిస్టు అడుగున కో-పైలటే. 1991లో ఈస్టర్న్, పాన్ ఆమ్ మూతపడ్డప్పుడు అలా మళ్లీ మొదటికొచ్చినవాళ్లున్నారు. నిన్ను చూస్తే నియమం మార్చుకుంటారులే.

సెలవులు. సీనియర్లు తీసుకోగా మిగిలిన తేదీలే నీకు. సంక్రాంతి, దీపావళి అప్పటికే అయిపోయుంటాయి. నువ్వు మాత్రం బస్తర్ దసరాకి అర్జీ పెట్టు. 75 రోజుల పండగ, కనక 75 రోజులూ అడుగు. ఆఖర్న ‘బామ్మ తద్దినం’ అని కూడా రాయి. రోస్టర్ వేసే సాఫ్ట్‌వేర్ కరిగిపోతుంది.

ఇంకొకటి. నీ పైనున్నవాళ్ల రిటైర్మెంటు తేదీలు కాగితం మీద రాసి గోడకి అతికించు. కానీ ఆ తేదీల్ని మరీ నమ్మకు. అమెరికాలో 2007 డిసెంబరులో పైలట్ల రిటైర్మెంటు వయసు 60 నుంచి 65కి పెంచారు. ‘ఇంకో ఏడాదిలో కెప్టెన్ని’ అని లెక్కలేసుకున్నవాళ్ల లిస్టు ఒక్కసారి బిగుసుకుపోయింది. అందుకే తేదీల పక్కనే ఇంకో గడి గీసుకో. పైలట్‌కి మెడికల్ ఫిట్‌నెస్ పోతే వయసుతో పనిలేదు, ఆ సీటు ఖాళీయే. కాబట్టి సీనియర్ కనిపించినప్పుడల్లా ‘బీపీ ఎలా ఉంది సార్, షుగరేమైనా వచ్చిందా?’ అని ఆప్యాయంగా అడుగు. మర్నాడు ఇంట్లో చేసిన మైసూర్‌పాక్ పట్టుకెళ్లు. నెయ్యి బాగా పొయ్యమని మీ అత్తకి చెప్తాను.