కోల్డ్ ప్లగ్గులు, ఎర్ర వైర్లు

రోటరీ ఇంజన్ను నేను ఇప్పటిదాకా కళ్లారా చూడలేదు. అయినా మజ్దా ఆర్ఎక్స్-7 బానెట్ కింద ఏముంటుందో అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెప్పేవాణ్ని. పిస్టన్లుండవు. నడుము నొక్కిన కోడిగుడ్డులాంటి గదిలో మూడు మూలల రోటరు తిరుగుతుంది. ఒక్కో రోటరుకు రెండు ప్లగ్గులు: లీడింగు, ట్రెయిలింగు. 1991లో లె మాన్ పందెం గెలిచిన 787బీలో అయితే నాలుగు రోటర్లకు మూడేసి చొప్పున మొత్తం పన్నెండు. మన దేశంలో అప్పట్లో మజ్దా అంటే స్వరాజ్ మజ్దా బండేగానీ ఆర్ఎక్స్-7 ఎక్కడిది? కాబట్టి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద టీ తాగుతూ నేనేం చెప్పినా కాదనేవాడు లేడు.

ఆ కారు ప్లగ్గుల నంబర్లు కూడా కంఠతా వచ్చు. ఎన్‌జీకేలో లీడింగుకు 7, ట్రెయిలింగుకు 9. ఆ కంపెనీ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు కోల్డు. బాష్‌లో, అంటే మనవాళ్లు మైకో అనే దాంట్లో, లెక్క తిరగబడుతుంది. నంబరు పెరిగితే ప్లగ్గు హాటు. ఈ సంగతి తెలిసినవాణ్నన్న పొగరే నన్ను ముంచింది.

ఇంతా చేస్తే నా బండి 1996 మోడల్ మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, మూడే ప్లగ్గులు. మెట్రో రాకముందు మాట. షాపతను దానికి వేసే మామూలు ప్లగ్గులే కౌంటర్ మీద పెట్టాడు. వద్దని, రెండు నంబర్లు కోల్డ్‌వి కావాలన్నాను. “రేసింగ్‌కా సార్?” అన్నాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఒకసారి దిగాక ఆగుతామా? ఎర్రటి, లావుపాటి, లోపల రాగి తీగ ఉన్న హెచ్‌టీ వైర్లు కూడా తీసుకున్నాను. వైరు లావైతే నిప్పురవ్వ కూడా లావవుతుందని నా నమ్మకం.

రోటరీకి కోల్డ్ ప్లగ్గు ఎందుకో తెలిసి కూడా ఇలా చేశానంటే నన్నేమనాలి? మామూలు కారులో షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక సిలిండరులో ఒకసారి మంట. ఆ మధ్యలో లోపలికొచ్చే పచ్చి పెట్రోలు, గాలి ప్లగ్గును చల్లబరుస్తాయి. రోటరీలో షాఫ్టు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక్కో రోటరులో ఒక మంట, అదీ ఎప్పుడూ గదిలో ఒకే వైపున. చల్లటి గాలి వచ్చేది అవతలి వైపు. మంట వైపున్న ప్లగ్గుకు ఊపిరాడదు కాబట్టే వేడిని త్వరగా వదిలించుకునే రకం కావాలి. నా మారుతికి ఆ బాధే లేదు. దాని బాధల్లా చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దాకా ఫస్టు గేరులో దేకడమే. విజయవాడ రోడ్డు, రింగ్ రోడ్డు రెండూ వచ్చి కలిసే ఆ కూడలి సాయంత్రం పూట ఎలా ఉండేదో ఆ వైపువాళ్లకు చెప్పక్కర్లేదు.

ప్లగ్గు ముక్కు సుమారు 450 డిగ్రీలకు చేరితేనే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది. నా కోల్డ్ ప్లగ్గులు ఆ ట్రాఫిక్కులో అంత వేడెక్కేదెప్పుడు? మసి పేరుకుంది. మసి కరెంటును పారనిస్తుంది. గ్యాపు దూకాల్సిన కరెంటు ఆ మసి మీదుగా పక్కదారి పట్టింది. బండి మిస్సింగ్ కొట్టీ కొట్టీ కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు, మామిడికాయల లారీల మధ్య ఆగిపోయింది. వెనక హారన్లు. పక్కన నా భార్య. “మొన్నేగా ఏవో ఫారిన్ ప్లగ్గులు వేయించారు?” అంది, అమాయకంగానే.

తోసుకుంటూ తీసుకెళ్తే మెకానిక్కు ఒక ప్లగ్గు విప్పి నా ముఖం ముందు పెట్టాడు. “చూడున్రి సార్, మొత్తం మసే. బిస్కట్ రంగుండాలె. గీ నంబర్ ఎవరేసిన్రు?”

“షాపువాడిచ్చాడు అన్నా” అన్నాను. పాపం ఆ షాపతను.

డిక్కీలో పడేసిన పాత ప్లగ్గులే తుడిచి, గ్యాప్ సెట్ చేసి బిగించాడు. సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది. ఎర్ర వైర్లు కూడా తీసేయమన్నాడు. వైరు లావంతా పైనున్న రబ్బరేనట. గ్యాపు దూకడానికి ఎంత కావాలో కాయిల్ నుంచి వోల్టేజీ అంతవరకే లేస్తుందట. వైరు ఎంత లావైనా అది మారదట. పాత వైర్లలో రేడియో గరగర రాకుండా ఆపే రెసిస్టెన్స్ ఉండేది, ఈ రాగి తీగల్లో అదీ లేదు. అంతా విని తలూపాను. తీయించలేదు. బానెట్ ఎత్తితే బాగుండేవి మరి.

అప్పట్నుంచి బండి కదిలితే చాలు, వివిధభారతి పాటల్లో ఇంజను కూడా తాళం వేసేది. యాక్సిలరేటర్ తొక్కితే ద్రుతం. నా భార్య రేడియో కట్టేయడం అలవాటు చేసుకుంది. చివరికి బండి అమ్మేటప్పుడు, కొనడానికొచ్చిన కుర్రాడు బానెట్ ఎత్తి వైర్లు చూసి “సూపరున్నయ్ అన్నా” అని మురిసిపోయాడు. రేడియో పెట్టి, ఈ గరగరేంటని అడిగాడు. సెట్టు పాతదన్నాను. దానికని కొంచెం రేటు తగ్గించి, వైర్లకని అంతకంత పెంచాను.