ఎనిమిదో తరం సంబంధం

పెళ్లికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తే చాలు. బీటెక్ కుర్రాడి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌కి మాత్రం ఎనిమిదో తరం కావాలట!

అంతకన్నా పాత ఇంటెల్ చిప్పుకి విండోస్ 11 సాధారణంగా పిల్లనివ్వదు. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14నే మంగళం పాడేశారు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్లో కౌంటరు మీది అన్న అవేవీ పట్టించుకోలేదు.

"ఐ7 తమ్మీ! సింగిల్ హ్యాండ్!"

నిజమే కావచ్చు. ఆ ఒక్క చేయే ఏ, ఎస్, ఈ అక్షరాల్ని నున్నగా అరగదీసింది. మూత మీద ఏదో కంపెనీ అసెట్ నంబరు స్టిక్కరు, సగం గీకి ఉంది.

తరం? నాలుగోది. 2013 నాటి వంశం.

"బ్యాటరీ ఎంతసేపు వస్తదన్నా?"

"చార్జర్ పెట్టినంతసేపు."