ఖాళీ పౌచుల కవాతు

ఫిలింనగర్‌లో సినిమా ఫంక్షన్ ఉందంటే హీరోకన్నా ముందు నల్ల వెస్టులు దిగుతాయి. ఒక్కో బౌన్సర్ ఛాతీ మీద అరడజను పౌచులు. సరిహద్దు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరే మొదలవుతుందన్నంత బందోబస్తు! లోపల ఏముంటాయంటారా? ఒకదాంట్లో ఫోను, ఇంకోదాంట్లో దువ్వెన. మిగతావాటిలో గాలి.

పాపం, ఆ వెస్టుకు చరిత్ర లేకపోలేదు. 1997లో అమెరికా సైన్యం మోలీ పేరుతో తెచ్చిన ఏర్పాటది. అంగుళం వెడల్పు నైలాను పట్టీలు అంగుళం ఎడంలో అడ్డంగా పరిచి, ఒకటిన్నర అంగుళానికో కుట్టు వేస్తారు. పౌచు తోకను ఒకసారి వెస్టు పట్టీ కిందుగా, మరోసారి పౌచు వీపు పట్టీ కిందుగా, నవారు మంచం నేసినట్టు దించి బటన్ నొక్కాలి. అప్పుడే అది ఒంటిని కరుచుకుంటుంది. అంత ఓపిక మనవాళ్లకేది? వెస్టులోంచి సూటిగా దూర్చేసి ‘అయిపోయిందన్నా’ అంటారు. అభిమానులు మీదపడ్డాక చూడాలి, ఆరు పౌచులూ పొట్ట మీద దరువే దరువు.

‘వెయ్యి డీనియర్ సార్, ఏనుగు లాగినా తెగదు’ అంటాడు అమ్మేవాడు. డీనియరంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ముందు తెగేది గుడ్డ కాదు, కుట్టు. పట్టీ మొదట్లో దారం ఒకేచోట దట్టంగా పడిందా అని తిప్పి చూసే నాథుడు లేడు. రంగు దగ్గర మాత్రం గంటసేపు తర్జనభర్జన: నలుపా, ఎడారి రంగా? (యూసుఫ్‌గూడలో ఎడారి ఎటువైపో!)

2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 21వ సెక్షన్ కూడా ఓసారి చదువుకుంటే మేలు. కాపలావాడి దుస్తులు సైన్యం, పోలీసు యూనిఫాంను తలపిస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. వేసుకున్నవాడితో పాటు ఏజెన్సీ యజమానికీను! ఈ శిక్ష పట్టేంత పౌచు ఇంకా మార్కెట్లోకి రాలేదు.

అసలు పౌచు చూడాలంటే కృష్ణానగర్ నుంచి బండి మీద షూటింగుకొచ్చే కెమెరా అసిస్టెంట్ నడుం చూడండి. ఒక్కటే, అదీ రంగు వెలిసింది. కొలత టేపు, అంటించే టేపు, మార్కరు, స్క్రూడ్రైవరు, లెన్సు తుడిచే గుడ్డ. కెమెరామన్ కేక పూర్తయ్యేలోపు, చీకట్లోనైనా సరే, చెయ్యి సరిగ్గా కావాల్సినదాని మీదే పడుతుంది. అతనికి వెంట పడే అభిమానులు లేరు, ఫొటోలు లేవు.

అదే సెట్లో కమాండో వేషంలో హీరోగారు దూకుతారు. పౌచు ఊగుతుంది. కట్! కాస్ట్యూమ్ అసిస్టెంట్ పరుగున వచ్చి లోపలి నుంచి రెండు పిన్నీసులు గుచ్చుతాడు. షాట్ ఓకే.