ఒక నక్షత్రం కోత

మొజంజాహి మార్కెట్ గడియార స్తంభం కింద, సాయంత్రం పూట, చేతిలో ఐస్‌క్రీం కప్పు ఉండీ తినని మనిషి కనిపిస్తే ఆయనే కాకా. ముందు ఫోటోల పని. కప్పు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనక రాతి కమాను పడేలా ఇంకొకటి. ఈలోపు ఐస్‌క్రీం కరుగుతుంది. కరిగినదాన్ని చెంచాతో తీసి, కళ్లు మూసుకుని చప్పరించి, "గట్టిగ లేదు" అని తేలుస్తారు. ఒక నక్షత్రం కోత.

కాకాకు అసలు పేరుంది, పింఛనుంది, బేగంబజార్ పక్కన తాతల నాటి ఇల్లుంది. అవన్నీ ఇప్పుడు వెనకబడ్డాయి. హోటళ్ల మీద తీర్పు చెప్పడమే ఆయన ప్రస్తుత ఉద్యోగం. ఎవరూ వేయలేదు, ఎవరూ తీసేయలేరు.

నిజం చెప్పాలంటే ఆయన్ని తయారుచేసింది మార్కెట్టును బాగుచేసినవాళ్లే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1935లో గ్రానైటు రాయితో కట్టి, ఆయన రెండో కొడుకు మొజం జా పేరు పెట్టిన బజారు ఇది. పండ్ల టోకు వ్యాపారం గడ్డిఅన్నారం వెళ్లిపోయింది. మిగిలిన కట్టడాన్ని రేకులు, బోర్డులు, కరెంటు తీగలు కమ్మేశాయి. 2018లో మరమ్మతులు మొదలుపెట్టి, రాయి కడిగి, దీపాలు బిగించి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఈ మధ్యలోనే, 2019లో, యునెస్కో హైదరాబాదును ఆహార కళకు పేరుపడ్డ సృజనాత్మక నగరాల్లో చేర్చింది. ఊరికి అంతటి గుర్తింపు వచ్చాక నాలుక ఉన్నవాడు ఊరుకోవడం ధర్మం కాదని కాకాకు తోచింది.

ఆయన లెక్క ఖచ్చితమైనది. మొత్తం ఐదు నక్షత్రాలు. వంటకు రెండు. బండి పెట్టుకునే చోటికి ఒకటి. ఓనరు గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి "ఆరోగ్యం మంచిగున్నదా?" అని అడిగితే ఒకటి. చివరిది పాత రోజులకు. అది ఇంతవరకు ఎవరికీ రాలేదు.

"బిర్యానీ మస్తుంది. ముక్క మెత్తగుంది. బండికి జాగ దొరకలే, గల్లీ చుట్టు మూడు చక్కర్లు కొట్టిన. రెండు నక్షత్రాలు." ఇది ఆయన రాసినవాటిలో మెచ్చుకోలు కింద లెక్క.

మొదట్లో కాకా క్లుప్తంగానే రాసేవారు. "ఉప్పు తక్కువ" అంటే అయిపోయేది. తర్వాత గూగుల్ మ్యాప్స్ లోకల్ గైడ్ల పాయింట్ల సంగతి ఎవరో కుర్రాడు చెప్పాడు. రివ్యూకి 10 పాయింట్లు, అది 200 అక్షరాలు దాటితే ఇంకో 10, ఫోటోకి 5. పదో స్థాయి చేరాలంటే లక్ష కావాలి. ఆ రోజు నుంచి ఉప్పు తక్కువన్న మాట నిజాముల పాలనతో మొదలై, మూసీ వరదల మీదుగా నడిచి, చివరి వాక్యంలో కూరలోకి వస్తోంది.

చరిత్ర ఆయనకు కొట్టినపిండే. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో ఈ మార్కెట్టు దగ్గరే కరాచీ బేకరీ తెరిచిన వైనాన్ని, రిబ్బను పట్టుకుని పక్కన నిలబడ్డట్టు చెబుతారు. అప్పటికి కాకా ఇంకా పుట్టనే లేదు.

హోటల్లో పక్క టేబులు మీద గచ్చిబౌలి నుంచి వచ్చిన ఐటీ పిల్లలు కనబడితే ఆయన పంట పండినట్టే. ఇరానీ చాయ్‌కి డికాక్షన్ ఒక గిన్నెలో, పాలు ఇంకో గిన్నెలో విడివిడిగా మరగాలని, రెండూ కలిసేది కప్పులోనేనని పాఠం మొదలవుతుంది. తర్వాత ఉస్మానియా బిస్కెట్ ప్రయోగం.

"ముంచినంక రెండు లెక్కవెట్టి తియ్యాలె. మూడంటే పడిపోతది."

పిల్లవాడు శ్రద్ధగా ముంచాడు. ఒకటి అన్నాడు. రెండు అనేలోపే సగం బిస్కెట్ అడుగుకు చేరింది. కాకా కప్పులోకి తొంగిచూసి, "చాయ్ ఎక్కువ వేడిగున్నది" అని ఫోను తీశారు. ఇంకో నక్షత్రం కోత.

రంజాన్ నెలలో ఆయన హోదా పెరుగుతుంది. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మాంసం, గోధుమలు, నెయ్యి రాగి పాత్రలో, కట్టెల మంట మీద దాదాపు 12 గంటలు ఉడకాలన్నది దాని నియమం. కాకా ప్లేటు దగ్గర ఆగరు, నేరుగా భట్టీ దగ్గరికి నడుస్తారు. చెమటలు కక్కుతూ గోట్నీ అనే చెక్క రోకలితో హలీమ్ దంచుతున్నవాణ్ణి పట్టుకుని, "ఎన్నింటికి ముట్టిచ్చిన్రు?" అని నిలదీస్తారు. పొద్దున్నే అన్న జవాబు చాలదు. గంట చెప్పాలి.

మిషెలిన్ పేరెత్తితే ఆయనకు నవ్వొస్తుంది. 1900లో ఓ ఫ్రెంచి టైర్ల కంపెనీ వాహనదారుల కోసం వేసిన పుస్తకం అది, 1926లో నక్షత్రాలివ్వడం మొదలుపెట్టింది. దాని పరీక్షకులు ఎవరో తెలియనీయకుండా వచ్చి, తిని, బిల్లు కట్టి పోతారు. కాకా గుమ్మంలోనే గొంతు సవరించుకుంటారు. బిల్లు మాత్రం ఆయనా పైసాతో సహా కడతారు. ప్లేట్లో అడగని లుక్మీ, అదే ఖీమా కూరిన సమోసా లాంటిది, ఒకటి ఎక్కువొస్తే వెనక్కి పంపేంత కఠినుడు కాదు. "వాళ్లది మూడు నక్షత్రాలకే ఆగింది, మనది ఐదు" అని పోలిక ముగిస్తారు.

ఇంత రాసినా ఆయన జాబితాలో లేని చోటు ఒకటుంది. వెనక గల్లీలో దోశ బండి. రోజూ పొద్దున ఏడింటికి కాకా అక్కడే ఉంటారు. ఫోను జేబులోంచి బయటకు రాదు. అల్లం చట్నీ రెండోసారి వేయించుకుని మౌనంగా తింటారు. దీని గురించి ఎందుకు రాయలేదని అన్న కొడుకు ఒకసారి అడిగాడు.

"రాస్తే నువ్వొస్తవ్, నీ దోస్తులొస్తరు. నాకు దోశ పదింటికి దొరుకుతది."

ఆయన రాసిన రివ్యూలన్నీ కలిపి చదివితే తేలేదీ ఇదే. ఊరంతా తన బజారుకు రావాలి, వచ్చి ఔరా అనాలి. అలాగని వచ్చినవాళ్లెవరూ తన కుర్చీలో కూర్చోకూడదు. బజారు పాడుబడి ఉన్నన్నాళ్లూ "పట్టించుకునేటోడు లేడు" అని ఆయన బాధపడ్డారు. ఇప్పుడు పట్టించుకునేవాళ్లు బారులు తీరితే, ఆ బారులో వెనక నిలబడి బాధపడుతున్నారు.

అయినా కాకా రివ్యూలు చదవండి. నక్షత్రాలు పక్కన పెట్టి చదవండి. ఏ హోటల్ ఏ పూట మూసి ఉంటుంది, ఏ పండు ఐస్‌క్రీం ఏ కాలంలో దొరుకుతుంది, ఏ వంటకం తొందరగా అయిపోతుంది అన్న విషయాల్లో ఆయన మాట తప్పదు. శని, ఆదివారాల్లో వెళ్లేవాళ్లు కారు ఇంటి దగ్గరే వదిలి, మెట్రోలో గాంధీభవన్ స్టేషన్లో దిగి నడిచి రండి. కాకా కోసిన నక్షత్రాల్లో సగం ఆ కార్ల ఖాతాలోవే.