మిక్సరు పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక:

బరాత్‌కు గంట ముందు బండి మీద బాక్సులు కట్టి, జనరేటరు స్టార్టు చేసి, డీజే ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ముందుగా ఎదురయ్యేది ఆడియో సెట్టింగుల పేజీ. దాని సంగతి చెప్పే పుస్తకం మిక్సరు డబ్బాలోనే ఉంటుంది, డబ్బా ఇంట్లో అటక మీద ఉంటుంది. అందుకని నోటికి పట్టుకునే వీలుగా తేటగీతిలో ఒక పద్యం కట్టడమైంది. కట్టినవాడూ టీక రాస్తున్నవాడూ ఒకడే గనుక కవి హృదయం గురించి తగవు లేదు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన వ్యాఖ్యానించింది కాళిదాసును, కాబట్టి ఆయనకు చెల్లింది.

మూలం:

తీగ తగిలించి యేసియో తెలిసి యెంచి
బఫరునైనూటపన్నెండు పట్టనిచ్చి
యొకటి రెండు మొదటి డెక్కుకొసగి పిదప
చెవిని విని గాని జనులకు చేర్చవలదు.

ప్రతిపదార్థం:

తీగ = చదరపు మూతి గల యూఎస్‌బీ కేబులును; తగిలించి = మిక్సరు నుంచి ల్యాప్‌టాప్‌కు, నడుమ హబ్బు లేకుండా, గుచ్చి; ఏసియో = ఆ పేరు గల డ్రైవరును; తెలిసి = మిక్సరు కంపెనీదేనా అని చూసుకుని; ఎంచి = జాబితాలో నొక్కి; బఫరున = శబ్దం లిప్తకాలం ఆగే తావులో; ఐనూటపన్నెండు = 512 శాంపిళ్లు; పట్టనిచ్చి = పట్టేటట్టు అమర్చి; ఒకటి రెండు = యూఎస్‌బీ 1, 2 ఛానళ్లను; మొదటి డెక్కుకు = తెర మీద ఎడమ పక్కనున్న డెక్కుకు; ఒసగి = ఇచ్చి; పిదప = అటు తరువాత; చెవిని విని గాని = హెడ్‌ఫోనులో విన్నాక తప్ప; జనులకు = బండి ముందు తీన్‌మార్ ఆడేవారికి; చేర్చవలదు = పాట వదలరాదు.

తాత్పర్యం:

సరైన డ్రైవరు ఎంచుకుని, బఫరు మధ్యస్థంగా పెట్టి, డెక్కులకు ఛానళ్లు పంచి, ముందు తాను విని తరవాత జనానికి వినిపించాలి.

విశేషాలు:

మొదటి పాదంలోనే ఒక ఆక్షేపణ. తీగ ముందు, డ్రైవరు తరవాత అని కవి వరస. మిక్సర్ల పుస్తకాలు చాలావాటిలో ముందు డ్రైవరు ఎక్కించు, ఆ తరవాతే తీగ పెట్టు అని ఉంటుంది. మరి కవి తప్పాడా? లేదు. పాఠక్రమం కంటే అర్థక్రమం బలవత్తరమని మీమాంసకులు ఎప్పుడో తేల్చారు. అగ్నిహోత్రం చేయాలి, జావ కాయాలి అని వాక్యం ఉన్నా, హోమంలో వేసేది ఆ జావే గనుక కాయడమే ముందు. ఇక్కడా అంతే, డ్రైవరే ముందు. ఛందస్సు కోసం తీగ ముందుకొచ్చింది.

'ఏసియో' అన్నది 1997లో జర్మనీలోని హాంబర్గుకు చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి. విండోస్‌లో శబ్దం మామూలుగా సిస్టమ్ మిక్సరు గుండా పోతుంది. బ్రౌజరు, వాట్సాప్, పాట, అన్నిటినీ అది ఒకచోట కలిపి, ఒక రేటుకు సరిచేసి పంపేసరికి ఆలస్యమవుతుంది. ఏసియో ఆ దారి వదిలి సాఫ్ట్‌వేరు నుంచి నేరుగా మిక్సరుకు పోతుంది. పైగా మిక్సరు ఛానళ్లన్నీ ఒకే పరికరంగా కనిపిస్తాయి. ఆ వీలు లేకపోతే మూడో పాదానికి అర్థమే లేదు.

'తెలిసి' అన్న మాట పాదపూరణానికి వేసింది కాదు. జాబితా తెరిస్తే ఏసియో పేరుతో రెండు మూడు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లోని చిప్పుది ఒకటి ఉంటుంది. అది ఎంచితే పాట ల్యాప్‌టాప్ హెడ్‌ఫోను రంధ్రంలోంచి వస్తుంది, బండి మీది బాక్సులు మూగబోతాయి. ఏసియో ఫర్ ఆల్ అనేది ఇంకొకటి. అది విండోస్ సొంత డ్రైవరునే ఏసియోలా కనబడేట్టు చేస్తుంది. మిక్సరుకు సొంత డ్రైవరు దొరకనప్పుడు ఆదుకుంటుంది, దొరికినప్పుడు దాని జోలికి పోవడం దేనికి? దాన్ని ప్రక్షిప్తంగా భావించాలి.

పాఠాంతరం: మాక్ ప్రతుల్లో 'యేసియో' కనబడదు. అక్కడ కోర్ ఆడియో యంత్రంతోనే వస్తుంది గనుక వాళ్లు మొదటి పాదం సగం మింగి రెండో పాదానికి పోతారు.

ఇక బఫరు. అసలు వాదమంతా ఇక్కడే. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 512 శాంపిళ్లు నిండడానికి 11.6 మిల్లీసెకన్లు. 64 ఐతే ఒకటిన్నరకు లోపే. 1024 ఐతే 23 పైచిలుకు. పంక్తిలో వడ్డించేవాడి చేతి గిన్నె అనుకోండి. గిన్నె చిన్నదైతే వేడివేడిగా వడ్డిస్తాడు, కాని మాటిమాటికీ వంటశాలకు పరుగెత్తాలి, ఒక్క పరుగు ఆలస్యమైతే విస్తట్లో ఖాళీ. ఆ ఖాళీయే బాక్సుల్లో టపటపమని వినిపించేది.

అరవైనాలుగు పక్షంవారి వాదం ఇది: చెయ్యి కదపగానే శబ్దం కదలాలి, లేకపోతే స్క్రాచ్ ఎట్లా? టైంకోడ్ రికార్డు తిప్పేవాడికి ఇది నిజం. అక్కడ రికార్డు నుంచి సంకేతం ల్యాప్‌టాప్ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, పాట బయటికి పోయేటప్పుడు ఒకసారి బఫరులో ఆగుతుంది. వెయ్యిన్నిరవైనాలుగు పక్షంవారు ల్యాప్‌టాప్ పాతది, పాట ఆగితే పెళ్లివారు ఊరుకోరు అంటారు. ఇదీ నిజమే. సిద్ధాంతం: శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. 512 వల్ల కలిగే ఆలస్యం బాక్సుకు నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డట్టు. బరాత్‌లో పెళ్లికొడుకు గుర్రం అంతకంటే దూరంలోనే ఉంటుంది. కాబట్టి పాటలు వరసగా కలిపి వదిలేవాడికి 512 చాలు. 64 పెట్టానని తోటివాళ్ల దగ్గర చెప్పుకోవడం బిరుదు కిందికి వస్తుంది, శాస్త్రం కిందికి రాదు.

512 పెట్టినా టపటప ఆగకపోతే? అప్పుడు తప్పు బఫరుది కాకపోవచ్చు. వైఫై ఆపాలి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీని నిద్రపుచ్చే సెట్టింగు తీసేయాలి. ఛార్జరు పెట్టే ఉంచాలి, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ప్రాసెసరు వేగం తగ్గించుకునే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. కవి వీటిని చెప్పలేదు. నాలుగు పాదాల్లో ఎన్నని పడతాయి?

మూడో పాదంలో న్యూనపద దోషముంది. ఒకటి రెండు మొదటి డెక్కుకన్నాడు, మూడు నాలుగు ఊసెత్తలేదు. రెండో డెక్కుకు అని అధ్యాహారం చేసుకోవాలి. దీన్నిబట్టి కవి బయటి మిక్సరు పక్షంవాడని కూడా తేలుతోంది. సాఫ్ట్‌వేరులో మిక్సింగు 'ఇంటర్నల్' అని వదిలేస్తే రెండు డెక్కులూ సాఫ్ట్‌వేరులోనే కలిసి 1, 2 మీదుగా వస్తాయి. మిక్సరు మీద రెండో ఫేడరు కిందికి లాగుతాడు, రెండో పాట మోగుతూనే ఉంటుంది. మళ్లీ లాగుతాడు. తరవాత ఫేడరు పాడైందంటాడు. 'ఎక్స్‌టర్నల్' అని మారిస్తే ఫేడరు బాగుపడుతుంది.

కవి వదిలేసినది ఇంకొకటి, ప్రతి ఛానలు నెత్తిన ఉండే స్విచ్చి. దాన్ని యూఎస్‌బీ వైపు తిప్పకపోతే పై పాదాలన్నీ వృథా. యూఎస్‌బీ బదులు ఆడియో కేబులుతో ల్యాప్‌టాప్ కలిపి, స్విచ్చి ఫోనో మీద ఉంచితే మరీ ఘోరం. రికార్డు ముల్లు నుంచి వచ్చే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే గనుక మిక్సరు దాన్ని ఎన్నో రెట్లు పెంచి, బేస్ మరింత ఎత్తుతుంది. ల్యాప్‌టాప్ పాటను అదే దారిలో పంపితే గాయకుడెవరో పోల్చుకోలేం.

'చెవిని విని గాని': క్యూ మీట నొక్కి వినమని వాచ్యార్థం. ధ్వని వేరే ఉంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో డిఫాల్టు పరికరంగా మిక్సరును పెట్టరాదు, ల్యాప్‌టాప్ స్పీకరునే ఉంచాలి. లేకపోతే అప్పగింతల పాట నడుమ ఎవరో పంపిన గుడ్ నైట్ మెసేజి 'టింగ్'మని పదివేల వాట్ల బాక్సుల్లో మోగుతుంది. పెళ్లికూతురు తల్లి ఏడుపు ఆపి డీజే వంక చూస్తుంది.

ఫలశ్రుతి కవి రాయలేదు. కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో అది దొరుకుతుంది: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వీధిలో లౌడ్‌స్పీకరు మోగకూడదు. అందువల్ల సెట్టింగులు తొమ్మిదిన్నరకు కుదిరినవాడు అరగంట వాయిస్తాడు, పదింటికి కుదిరినవాడు కానిస్టేబులుకు తాత్పర్యం చెప్పుకుంటాడు.