మా జిల్లాలో చెడ్డ హోటలే లేదు

నంద్యాల జిల్లాలో చెడ్డ హోటల్ ఒక్కటంటే ఒక్కటీ లేదు. నమ్మకపోతే ఫోన్ తీసి చూడండి. వెలుగోడు బస్టాండు కాడి టీ బంకు నుంచి ఆళ్లగడ్డ హైవే పక్కన లైట్లు మెరిసే ఫ్యామిలీ రెస్టారెంటు దాకా అన్నీ ‘వేరే లెవలే’. దేశంలో ఇంకే జిల్లాకైనా ఇంత అదృష్టం పట్టిందో లేదో!

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, అద్దెలు పెరిగాయి, అద్దాల తలుపుల రెస్టారెంట్లు వచ్చాయి. వాటి వెనకే వెలుగోడు నుంచి బండేసుకుని, మెడలో మైకు తగిలించుకుని మన రివ్యూ అబ్బాయి దిగాడు. వాడి దగ్గరున్న మాటలు మూడే: వేరే లెవల్, మామూలుగా లేదు, నోట్లో కరిగిపోతోంది. మటన్ కరిగింది, చేప కరిగింది, మొన్న జొన్నరొట్టె కూడా కరిగింది. జొన్నరొట్టె నోట్లో కరిగిపోయిందంటే చేసినామెను పిలిచి మందలించాలి గానీ లైకు కొట్టకూడదు.

వాడు ఉగ్గాణి తినే తీరు ఒకసారి చూడాలి. బొరుగుల్ని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. వేడివేడిగా తినాల్సిన వస్తువు. కాస్త ఆగితే బొరుగులు సాగుతాయి, బజ్జి మెత్తబడుతుంది. మనవాడు ప్లేటును ముందు కిటికీ వెలుతుర్లో పెడతాడు. తర్వాత బండి సీటు మీద పెడతాడు. తర్వాత బజ్జిని రెండు చేతులా పట్టుకుని నిదానంగా విరుస్తాడు. పొగ రాలేదని రెండోది విరుస్తాడు. మూడోదానికి పొగ వస్తుంది. ఆరిపోయిన ఉగ్గాణి అప్పుడు నోట్లో పెట్టుకుని, కళ్లు మూసి, తల అటూ ఇటూ ఊపుతాడు. నమలడం మొదలుకాకముందే తీర్పు వచ్చేస్తుంది. అంత తొందరగా తేలిన కేసు మన కోర్టుల్లో ఇంతవరకు లేదు.

మండి సంగతి ఇంకా ముచ్చట. అది యెమెన్ వంట. నిజాం కొలువులో సిపాయిలుగా ఉన్న హద్రమౌత్ అరబ్బుల సంతతి హైదరాబాదు బార్కస్‌లో ఉంది. మండి పేరు చెబితే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ పేటే. దాని కథ చెప్పుకుంటే ఒక మంచి రీలు అవుతుంది. మనవాడు మాత్రం ‘అచ్చమైన సీమ రుచి’ అని ఒక్క మాటతో యెమెన్‌ను నంద్యాల జిల్లాలో కలిపేశాడు. కింద కూర్చుని తినడం నామోషీ అని ఇంట్లో డైనింగ్ టేబులు కొన్న పెద్దమనుషులు, మండి హోటల్లో డబ్బిచ్చి మరీ కింద కూర్చుంటారు. కొన్ని ఊళ్లలో జైలు మండి కూడా ఉంది. ఊచల వెనక కూర్చోబెట్టి, ఖైదీ చొక్కా తొడుక్కున్న కుర్రాడు వడ్డిస్తాడు. జైలు తప్పించుకోవడానికి లాయర్లకు పొలాలు రాసిచ్చిన సీమలో, జైల్లో సీటు కోసం ఆదివారం క్యూ!

అంతా బాగుంది గానీ, ఇన్ని వీడియోల్లో బిల్లు ఎక్కడా కనబడదేం? ఓనరు వరసకు బావ అవుతాడు. మేనేజరు ఇంటర్లో పక్క బెంచీ. ‘మన పిల్లోడే, డబ్బులేంది ఊరుకో’ అంటారు. సాంబారు పులిసిందని పొరపాటున ఒక మాట అన్నాడా, సాయంత్రానికి వాళ్ల నాయనకు ఫోను: ‘ఏమన్నా, మీవాడు మా పొట్ట కొట్టేటట్టున్నాడే!’ మన రివ్యూ అబ్బాయే పెళ్లి విందుకు పోతే మాత్రం పులుసులో ఉప్పు తక్కువైందని, వంకాయ ముదిరిందని, పెరుగు నీళ్లగా ఉందని బంతి మొత్తానికి వినబడేటట్టు చెప్పి లేస్తాడు. పెళ్లిలో ఊరకే తిని వంకలు పెడతాం, హోటల్లో ఊరకే తిని పొగుడుతాం.

ఫ్రాన్సులో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో ఒక గైడు పుస్తకం వేసింది. జనం కార్లలో తిరిగితేనే టైర్లు అరుగుతాయని దాని లెక్క. స్వార్థమే, కాదనను. అయినా హోటళ్లకు చుక్కలిచ్చే దాని తనిఖీదార్లు పేరు చెప్పరు, ముఖం చూపించరు, బిల్లు కట్టి వస్తారు. మనవాడి పేరు టీషర్టు వీపు మీదే ఉంటుంది.

పొగడ్తకు హద్దు లేకపోతే ఎంతదాకా పోతుందో 2017లో లండన్‌లో తేలింది. ఊబా బట్లర్ అనే కుర్రాడు తన పెరట్లోని కొట్టాన్ని రెస్టారెంటని నమోదు చేసి, షేవింగ్ క్రీముతో చేసిన ‘వంటకాల’ ఫొటోలు పెట్టి, స్నేహితులతో రివ్యూలు రాయించాడు. ట్రిప్ అడ్వైజర్‌లో అది లండన్‌కే మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి అక్కడ ఒక్కరికీ ఒక్క ముద్ద పెట్టలేదు.

‘పోనీలేన్నా, పొగిడితే చిన్న హోటల్ బతుకుతుంది గదా’ అంటాడు మనవాడు. హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీని అడిగితే తెలుస్తుంది. 2024 జనవరిలో కెమెరాలన్నీ ఆమె చుట్టూ మూగి, ట్రాఫిక్ ఆగిపోయి, పోలీసులు బండి తీయించారు. మళ్లీ పెట్టుకోవడానికి తెలంగాణ ముఖ్యమంత్రి కలగజేసుకోవాల్సి వచ్చింది. అన్నం అమ్ముకునే మనిషికి అంత మేలు చేసి, కెమెరాలు ఇంకో వీధికి పోయాయి.

ఇక చట్టం. డబ్బు గానీ, ఊరకే తిండి గానీ పుచ్చుకుని పొగిడితే ఆ సంగతి అందరికీ కనబడేటట్టు చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదారి పట్టించే ప్రచారానికి 2019 చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా, ఏడాది దాకా ప్రచారం చేయకుండా నిషేధం పడొచ్చు. ఒక ప్లేటు బిర్యానీకి ఏడాది నోరు కట్టుకోవాలంటే ఎంత నష్టం!

వాడు అడగని ప్రశ్నలు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి. క్యాష్ కౌంటరు వెనక 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందా? బజ్జీల మూకుట్లో నూనె ఎన్నో వాయి? మళ్లీమళ్లీ కాచిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన. ఆ మూకుడు ఏ రీల్లోనైనా చూశారా? నీళ్ల మాట చెప్పనే అక్కర్లేదు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దాటి, బానకచెర్ల మీదుగా మా వెలుగోడు జలాశయానికి వస్తాయి. దాదాపు 17 టీఎంసీలు నిలవ చేసి, తెలుగుగంగ కాలువలో మద్రాసు దాకా పంపే ఊరు మాది. అలాంటి ఊరివాడు నంద్యాలలో గ్లాసు నీళ్లడిగితే ‘బాటిలా, మామూలువా?’ అంటారు. మామూలువి అంటే, ఆ సర్వరు మళ్లీ మన టేబులు వైపు రాడు.

అందుకని రివ్యూ చేసే తమ్ముడికి ఒక్క మనవి. నువ్వు మావాడివే, మాట మీద కోపం పెట్టుకోవద్దు. రేపు రీలు తీసేటప్పుడు ముందు నువ్వు కట్టిన బిల్లు చూపించు, తర్వాత మూకుడు చూపించు. బజ్జి విరవడం ఆఖర్న పెట్టుకో. చూసేవాళ్లకు కూడా ఒక మాట: బిల్లు చూపించని వీడియోకు లైకు కొట్టకండి.